ఆనంద భిక్ఖువు జీవితం – ఇంట్లో రోగికి సేవ చేసేవాళ్ళ కోసం

ధమ్మ బంధువులారా, ఈ చిన్న పుస్తకం చదివే మీలో కొందరి ఇళ్ళల్లో ఎవరో ఒకరు మంచాన పడి ఉంటారు. పక్షవాతం వచ్చిన మావగారు కావచ్చు, మతిమరుపు ముదిరిన తల్లి కావచ్చు, పుట్టిన దగ్గర్నుంచి నడవలేని బిడ్డ కావచ్చు, డయాలసిస్‌కి తిప్పాల్సిన భర్త కావచ్చు. ఆ మనిషికి అన్నం కలిపి పెట్టేది, ఒళ్ళు తుడిచేది, అర్ధరాత్రి లేచి పక్క మార్చేది ఇంకొకరు ఉంటారు. ఎక్కువ ఇళ్ళల్లో అది ఆడమనిషే. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ రోగికి ఎలా ఉందని అడుగుతారు. చేసే మనిషికి ఎలా ఉందని అడిగేవాళ్ళు తక్కువ. ఆ మనిషి కోసం ఈసారి ఆనందుడి జీవితం చెప్పుకుందాం.

ఆనందుడంటే మనకు తెలిసింది బుద్ధుడి మాటలన్నీ గుర్తుపెట్టుకుని మనకు అందించిన శిష్యుడని. సుత్తాల మొదట తాను ఇలా విన్నానని చెప్పేది ఆయనే. ఆ సంగతి నిజమే. ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన పాతికేళ్ళపాటు ఒక పెద్దవయసు మనిషిని కనిపెట్టుకుని ఉన్నాడు. నీళ్ళు తెచ్చాడు, కాళ్ళు కడిగాడు, వీపు పట్టాడు, గది ఊడ్చాడు, జబ్బు చేసినప్పుడు పక్కనే కూర్చున్నాడు. పైగా ఆ పెద్దాయన ఆయనకు పరాయివాడు కాదు, పెదనాన్న కొడుకు వరస. మన భాషలో చెప్పాలంటే సొంతింటి మనిషికి చేసుకున్నాడు.

శాక్యుల ఇంటి నుంచి

ఆనందుడు కపిలవస్తులో శాక్య కులంలో పుట్టాడు. బుద్ధుడికి జ్ఞానోదయం అయ్యాక కొద్దికాలానికే అనురుద్ధుడు, భద్దియుడు, దేవదత్తుడు వంటి శాక్య యువకులతో కలిసి ఇల్లు విడిచాడు. వాళ్ళతోపాటు వాళ్ళకు క్షవరం చేసే ఉపాలి కూడా వచ్చాడు. ముందుగా ఉపాలికి దీక్ష ఇమ్మని ఆ యువకులే తథాగతుణ్ణి కోరారు. ముందు దీక్ష తీసుకున్నవాడికి తర్వాత తీసుకున్నవాడు మొక్కాలి. నిన్నటిదాకా తమ తలలు గొరిగిన మనిషి పాదాలకు మొక్కితే తమ కుల గర్వం అణుగుతుందని వాళ్ళ ఉద్దేశం. అలాగే జరిగింది. ఆనందుడు సంఘంలో మొదట నేర్చుకున్న పాఠం ఇది. తర్వాతి రోజుల్లో ఇంకొకరి మలమూత్రాలు ఎత్తడానికి ఆయన చెయ్యి వెనకాడకపోవడానికి ఈ పాఠం కూడా ఒక కారణమై ఉంటుంది. మన దేశంలో ఒళ్ళు కడిగే పని, మురికి ఎత్తే పని ఏ కులాల నెత్తిన పెట్టారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎనిమిది షరతులు

మొదటి ఇరవై ఏళ్ళు బుద్ధుడి దగ్గర ఒకే మనిషి ఉండేవాడు కాదు. నాగసమాలుడు, ఉపవానుడు, మేఘియుడు, ఇలా ఒకరి తర్వాత ఒకరు మారారు. దారి మధ్యలో పాత్ర కింద పెట్టేసి తనకు నచ్చిన దారిన పోయినవాడు ఒకడు. వద్దంటున్నా వినకుండా మామిడితోటలో ధ్యానం చేసుకుంటానని వెళ్ళిపోయినవాడు ఇంకొకడు. యాభై అయిదేళ్ళు వచ్చేసరికి బుద్ధుడు సంఘాన్ని పిలిచి, వయసు మీద పడుతోంది, నిలకడగా ఒక మనిషి కావాలని చెప్పాడు. సారిపుత్తుడి వంటి పెద్దలు తాము చేస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆనందుడు మాత్రం ఏమీ అడక్కుండా కూర్చున్నాడు. అందరూ అడిగాక లేచి ఎనిమిది షరతులు పెట్టాడు.

మొదటి నాలుగూ వద్దనేవి. తథాగతుడికి వచ్చిన మంచి చీవరం తనకు ఇవ్వకూడదు. మంచి భోజనం తనకు పెట్టకూడదు. ఆయన గదిలో తనకు చోటు ఇవ్వకూడదు. ఆయన్ని ఒక్కడినే భోజనానికి పిలిచినచోటికి తనను తీసుకెళ్ళకూడదు. తిండికోసం, బట్టకోసం చేస్తున్నాడన్న మాట రాకుండా ఈ నాలుగూ. తర్వాతి నాలుగూ కావాలనేవి. తాను ఒప్పుకున్న పిలుపుకు ఆయన రావాలి. దూరం నుంచి వచ్చినవాళ్ళను వెంటనే ఆయన దగ్గరకు తీసుకెళ్ళే వీలుండాలి. తనకు సందేహం వస్తే ఎప్పుడైనా అడగనివ్వాలి. తాను లేనప్పుడు చెప్పిన ధమ్మం తనకు మళ్ళీ చెప్పాలి. బుద్ధుడు ఎనిమిదింటికీ ఒప్పుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. లోకం మొక్కే గురువుకు సేవ చేయడానికి కూడా ఆనందుడు ముందుగా మాట్లాడుకున్నాడు. ఏది ఒప్పుకుంటాడో, ఏది ఒప్పుకోడో నలుగురి ముందు చెప్పాడు. తన చదువు ఆగిపోకుండా చూసుకున్నాడు. అలా అడిగినందుకు ఆయన్ని ఎవరూ స్వార్థపరుడనలేదు. మన ఇళ్ళల్లో ఏం జరుగుతుంది? అత్తగారు పడిపోయిన రోజున ఎవరూ కూర్చుని మాట్లాడుకోరు. ఎవరి చేతిలో నీళ్ళ చెంబు ఉందో ఆ మనిషి మీదే భారం పడిపోతుంది. చిన్నకోడలు ఇంట్లో ఉంటుంది కాబట్టి ఆవిడే చెయ్యాలంటారు. పెళ్ళికాని కూతురైతే ఆవిడ చదువు ఆపించేస్తారు. రాత్రి ఎవరు, పగలు ఎవరు, డబ్బు ఎవరు, ఆస్పత్రికి ఎవరు అని మొదటి వారంలోనే అడిగితే తప్పు లేదు. ఆనందుడు అడిగాడు.

దిక్కులేకుండా పడి ఉన్న భిక్ఖువు

ఒకరోజు బుద్ధుడు, ఆనందుడు విహారంలో గదులన్నీ చూస్తూ వెళుతున్నారు. ఒక గదిలో విరేచనాల జబ్బుతో ఒక భిక్ఖువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఎందుకు లేరని అడిగితే, తాను ఎవరికీ ఏమీ చేయలేదు కాబట్టి తనకెవరూ చేయడం లేదన్నాడు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు ఒళ్ళు కడిగాడు. తల వైపు బుద్ధుడు, కాళ్ళ వైపు ఆనందుడు పట్టి మంచం మీద పడుకోబెట్టారు.

ఆ తర్వాత భిక్ఖువులందరినీ పిలిచి బుద్ధుడు గట్టిగా చెప్పాడు. ఇక్కడ మీకు అమ్మ లేదు, నాన్న లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని అడిగాడు. తనకు సేవ చేయాలనుకునేవాళ్ళు రోగికి చేస్తే చాలన్నాడు. చోడవరం నుంచి అనకాపల్లి వెళ్ళి, శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఎక్కినవాళ్ళు ఆ రాతి గుహలు, ఇటుక స్తూపాలు చూసే ఉంటారు. ఒకప్పుడు మన కొండ మీదా భిక్ఖువులు అలాగే కలిసి బతికారు. అక్కడా ముసలితనం వచ్చింది, జబ్బులు వచ్చాయి. వాళ్ళకున్న కుటుంబమల్లా పక్క గదిలో ఉన్న మనిషే.

అదే సందర్భంలో వినయంలో రెండు జాబితాలు కనిపిస్తాయి. మొదటిది సేవ చేసేవాళ్ళ గురించి. మందు తయారు చేయడం తెలియాలి. రోగికి ఏది పడుతుందో, ఏది పడదో తెలిసి, పడనిది దూరం పెట్టాలి. లాభం ఆశించకుండా మైత్రితో చేయాలి. మలమూత్రాలను, వాంతిని అసహ్యించుకోకూడదు. ధైర్యం చెప్పే మాట చెప్పాలి. ఇవి అయిదు. రెండోది రోగి గురించి. తనకు మంచి చేసేది చెయ్యాలి. అందులోనూ మితం పాటించాలి. మందు వేసుకోవాలి. నొప్పి తగ్గిందో పెరిగిందో చేసేవాళ్ళకు నిజం చెప్పాలి. బాధను ఓర్చుకోవాలి. ఇవీ అయిదే. అంటే సేవ ఒక్క వైపు బాధ్యత అనలేదు బుద్ధుడు. షుగరు ఉందని తెలిసీ దొంగచాటుగా స్వీటు తిని, కాలు పుండు పడితే కోడలి మీద అరిచే పెద్దలకు ఈ రెండో జాబితా చదివి వినిపించండి.

ఇంకొక నియమం కూడా చేశాడు. ఒక భిక్ఖువు చనిపోతే ఆయన చీవరాలు, పాత్ర సంఘం చేతుల మీదుగా ఆయనకు సేవ చేసినవాళ్ళకు ఇవ్వాలన్నాడు. చేసింది చిన్న సామణేరుడైనా సరే, సమాన వాటా ఇవ్వాలన్నాడు. సేవ చేసినవాళ్ళకు హక్కు ఉంటుందని 2500 ఏళ్ళ కింద చెప్పిన మాట ఇది. పదేళ్ళు తండ్రికి చేసిన కూతురికి, ఆయన పోయాక పెద్దకర్మ రోజున ఒక చీర పెట్టి పంపేసే ఇళ్ళు ఈ నియమం గురించి ఆలోచించాలి.

పాలిచ్చిన తల్లి తరఫున

మహాపజాపతి గోతమి సంఘంలో చేరతానని వచ్చి, కాళ్ళు వాచి, దుమ్ము కొట్టుకుని వైశాలి విహారం గుమ్మంలో ఏడుస్తూ నిలబడింది. ఆవిడ గురించి బుద్ధుడి దగ్గర మాట్లాడింది ఆనందుడే. తల్లి పోతే చనుబాలిచ్చి పెంచింది ఈవిడే కదా అని గుర్తుచేశాడు. స్త్రీలు కూడా అరహంతులు కాగలరా అని అడిగి, కాగలరని ఒప్పించాడు. అలా స్త్రీలకు సంఘం తలుపులు తెరుచుకున్నాయి. సేవ చేసేవాడు కాబట్టి, పెంచిన చేతుల విలువ ఆయనకు తెలుసు.

బేలువ గ్రామంలో

బుద్ధుడికి 80 ఏళ్ళు వచ్చాయి. వైశాలి దగ్గర బేలువ గ్రామంలో చివరి వర్షావాసం. అక్కడ ఆయనకు పెద్ద జబ్బు చేసింది. ప్రాణం పోయేంత నొప్పులు. కొన్నాళ్ళకు తేరుకుని నీడన కూర్చున్నప్పుడు ఆనందుడు వచ్చి తన సంగతి చెప్పుకున్నాడు. మీరు అలా పడి ఉంటే నా ఒళ్ళు నా స్వాధీనంలో లేదని, దిక్కులు కనిపించలేదని, ధమ్మం కూడా బుర్రకు ఎక్కలేదని చెప్పాడు.

నెలల తరబడి నిద్రలేనివాళ్ళకు ఇది అర్థమవుతుంది. పప్పులో ఉప్పు వేశామో లేదో గుర్తుండదు. పిల్లాడు ఏదో అడుగుతాడు, వినబడుతుంది గానీ తలకెక్కదు. నడుం పట్టేస్తుంది. ఉన్నట్టుండి కోపం వస్తుంది, వెంటనే ఏడుపు వస్తుంది. రోగి పోతే బాగుండునన్న ఆలోచన కూడా ఒక్కక్షణం వచ్చి పోతుంది, ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం వేస్తుంది. మీకు ఇలా జరుగుతుంటే మీరు చెడ్డమనిషి అని కాదు. మీరు అలిసిపోయారని. ఆనందుడంతటివాడికే దిక్కులు తెలియలేదు. అది ఆయన దాచుకోలేదు, నోరు విప్పి చెప్పాడు.

అప్పుడు బుద్ధుడు ఏం చెప్పాడో మనకు బాగా తెలుసు. తన శరీరం పాత బండిలాగా కట్లు కట్టుకుని నడుస్తోందన్నాడు. ఎవరికి వారే దీపం కావాలన్నాడు. మన గోడల మీద, కరపత్రాల మీద రాసుకునే ఆ మాట పుట్టింది ఇక్కడే. అది మొదట విన్నది, సేవ చేసి చేసి అలిసిపోయిన ఒక మనిషి.

చుందుడి మీద నింద పడకుండా

తర్వాత పావా గ్రామంలో కమ్మరి చుందుడు భోజనం పెట్టాడు. అది తిన్నాక బుద్ధుడికి రక్త విరేచనాలు పట్టుకున్నాయి. ఆ ఒంటితోనే కుశినగరం వైపు నడిచాడు. దారిలో ఆయన ఆనందుడికి ఒక పని అప్పజెప్పాడు. నీ అన్నం తినే తథాగతుడు పోయాడని రేపు ఎవరైనా చుందుణ్ణి అనొచ్చు, ఆ మాట అతని మనసులో ఉండిపోకూడదు, ఆ భోజనం గొప్ప దానమని నువ్వు వెళ్ళి చెప్పమన్నాడు. తాను చనిపోతూ కూడా, అన్నం పెట్టిన కష్టజీవి మీద నింద పడకుండా చూశాడు.

తలుపు పట్టుకుని

కుశినగరంలో సాల వృక్షాల కింద పడక వేశాడు ఆనందుడు. ఇక ఆఖరు అని తెలిసింది. ఆయన అవతలికి వెళ్ళి విహారం తలుపు పట్టుకుని ఏడ్చాడు. నేను ఇంకా నేర్చుకోవలసింది ఉంది, నా మీద ఇంత దయ ఉన్న గురువు వెళ్ళిపోతున్నాడని ఏడ్చాడు. బుద్ధుడు ఆయన ఏడని అడిగి పిలిపించాడు. ఏడవకని ఓదార్చాడు. చేతితో, మాటతో, మనసుతో ఎంతోకాలం మైత్రితో చేశావని చెప్పాడు. ఆ మాట చాటుగా చెప్పలేదు. భిక్ఖువులందరి ముందూ ఆనందుడి మంచి గుణాలు ఒక్కొక్కటీ చెప్పాడు. రోగి చివరి రోజున చేసినవాళ్ళకు ఇవ్వగలిగింది ఇదే. మన పెద్దలు చాలామంది ఆ మాట నోట్లోనే పెట్టుకుని వెళ్ళిపోతారు.

మందు తాగిన రోజు

బుద్ధుడు పోయాక ఆనందుడు సావత్థి వెళ్ళాడు. అక్కడ జేతవనంలో ఆయన గది తలుపు తీసి, ఎప్పటిలాగే ఊడ్చి, నీళ్ళు పెట్టాడని అట్టకథలు చెబుతాయి. మనిషి పోయినా చేతులకు ఆ పని అలవాటు పోదు. ఆ రోజుల్లోనే సుభుడనే యువకుడు మాట్లాడ్డానికి రమ్మని పిలిపించాడు. ఆనందుడు ఈరోజు మందు తాగాను, కుదరదు, వీలైతే రేపు వస్తానని కబురు చేశాడు. ఇది సుత్తంలో ఉన్న మాటే. పాతికేళ్ళు ఒకరికి మందు అందించిన మనిషి, తన ఒంటికి మందు తీసుకుని, ఈరోజు నన్ను వదిలేయండని చెప్పాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. సేవ చేసే ఆడవాళ్ళలో ఎంతమంది తమ బీపీ చూపించుకుంటున్నారో అడిగి చూడండి.

రాజగృహం సభ

మూడు నెలల తర్వాత రాజగృహంలో సత్తపణ్ణి గుహ దగ్గర మహాకస్సపుడి ఆధ్వర్యంలో 500 మంది భిక్ఖువులు సమావేశమయ్యారు. అందరూ అరహంతులే, ఆనందుడు ఒక్కడే ఇంకా కాలేదు. సభ ముందు రాత్రంతా పట్టుపట్టి సాధన చేశాడు. తెల్లవారుజామున ఇక కాసేపు నడుం వాల్చుదామనుకున్నాడు. పాదాలు నేలను విడిచాయి, తల ఇంకా దిండుకు ఆనలేదు. ఆ మధ్యలో ఆయనకు విముక్తి కలిగింది. అతిగా పట్టుపట్టడం వల్లే అంతసేపూ రాలేదని అట్టకథ వివరిస్తుంది. విశ్రాంతి తీసుకుందామనుకున్న క్షణంలో మనసు సమతూకానికి వచ్చింది.

సభలో వినయం ఉపాలి చెప్పాడు. ధమ్మం ఆనందుడు చెప్పాడు. చెప్పడం అయ్యాక పెద్దలు ఆనందుడి మీద తప్పులు ఎంచారు. చీవరం కుట్టేటప్పుడు దాని మీద కాలు వేశావన్నారు. చిన్న నియమాలు ఏవో బుద్ధుణ్ణి అడగలేదన్నారు. ఆఖరి దర్శనానికి ఆడవాళ్ళను ముందు పంపావు, వాళ్ళ కన్నీళ్ళు దేహం మీద పడ్డాయన్నారు. ఇంకా బతకమని ఆయన్ని అడగలేదన్నారు. స్త్రీలకు దీక్ష ఇప్పించావన్నారు. పాతికేళ్ళ సేవకు లెక్క ఇలా తేలింది. ఆనందుడు ప్రతిదానికీ కారణం చెప్పాడు. ఇందులో నాకు తప్పు కనిపించడం లేదు, అయినా మీ మీద గౌరవంతో ఒప్పుకుంటున్నానన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి ధమ్మం బోధించాడు.

మన ఉద్యమం ఇంట్లో

బంధువులారా, ఇది మన ఇంటి కథ కూడా. రమాబాయి తల్లి నలుగురు బిడ్డలను పోగొట్టుకుంది. బాబాసాహెబ్ పైదేశాల్లో చదువుతుంటే పేదరికంలో ఇల్లు లాగింది. చివరికి తానే జబ్బుపడి 1935 మే 27న కన్నుమూసింది. ఆవిణ్ణి మనం మాతగా మొక్కుతున్నాం, మంచిదే.

మాయీసాహెబ్ సవితా అంబేడ్కర్ విషయంలో మనం ఏం చేశాం? ఆవిడ డాక్టరు. 1948 ఏప్రిల్ 15న పెళ్ళయ్యేనాటికి బాబాసాహెబ్‌కు షుగరు, నరాల నొప్పులు, నిద్రలేమి. ఇన్సులిన్, పథ్యం, మందులు అన్నీ ఆవిడ చూసుకుంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన పక్కనే నిలబడి దీక్ష తీసుకుంది. తన ఆయుష్షు పొడిగించినవాళ్ళలో ఆవిడ ఉందని బుద్ధుడి మీద రాసిన పుస్తకం ముందుమాటలో బాబాసాహెబ్ రాసుకున్నాడు. 1957లో పుస్తకం అచ్చయినప్పుడు ఆ ముందుమాట అందులో లేదు. 1956 డిసెంబర్ 6న ఆయన పోయాక, మందు ఇచ్చిన చెయ్యి మీదే అనుమానం పడింది. విచారణలో సహజ మరణమని తేలినా మాట ఆగలేదు. ఏళ్ళ తరబడి ఆవిడ ఉద్యమానికి దూరంగా బతకాల్సి వచ్చింది. 2003 మే 29న చనిపోయింది. ఇప్పటికీ మన సభల్లో ఆ అనుమానం వినబడుతుంది. చుందుడి విషయంలో తథాగతుడు ఏం చేశాడో చదివిన మనం, ఆ అనుమానాన్ని ఇంకా మోయాలా? ఆలోచించండి.

మనం చేయగలిగింది

ఇంట్లో జబ్బు వస్తే పూర్వజన్మ పాపమనీ, చేసేవాళ్ళది తలరాత అనీ సరిపెట్టుకోవడం మనం వదిలి వచ్చిన దారి. దుఃఖం ఉందని ఒప్పుకుని, దాన్ని తగ్గించే పని వెతకడం మన దారి.

ఆదివారం వందనకు రాని అప్ప ఎవరో, ఎందుకు రావడం లేదో కనుక్కోండి. వారంలో ఒక రాత్రి ఆ ఇంట్లో ఇంకొకరు మేలుకుని ఉంటే ఆవిడ తెల్లవార్లూ నిద్రపోతుంది. రోగిని విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళాల్సిన రోజున మగవాళ్ళు ఒక పూట పని మానుకుని తోడు వెళ్ళండి. కొడుకులు కూడా తండ్రి ఒళ్ళు తుడవడం నేర్చుకోండి, బుద్ధుడు నీళ్ళు పోసినచోట మగతనం తగ్గదు. పూర్తిగా మంచాన పడినవాళ్ళకు మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. అర్హత ఉండీ రానివాళ్ళ కాగితాలు పట్టుకుని సచివాలయానికి వెళ్ళండి. ఆ డబ్బు రోగి పేరున వస్తుంది. చెరుకు నరకడానికి, ఉపాధి పనికి వెళ్ళలేక ఆవిడ పోగొట్టుకున్న కూలి ఎవరి లెక్కలోకీ రాదు. కాబట్టి ఇంట్లో వాటాలు పంచుకునేటప్పుడు వినయ నియమం గుర్తుపెట్టుకోండి.

రోగి పోయిన తర్వాత, టైముకి తీసుకెళ్ళలేదని, సరిగా పెట్టలేదని ఎవరైనా మొదలుపెడితే అక్కడే ఆపండి. మంచం ఖాళీ అయ్యాక ఆ మనిషికి పని ఉండదు, నిద్ర పట్టదు. అప్పుడే ఆ ఇంటికి వెళ్ళాలి.

ఇక ఇది చదువుతున్నది సేవ చేసే మనిషే అయితే, చెల్లీ, అన్నా, మీకు ఒక్క మాట. మీ ఒంటికి మందు కావాలంటే వేసుకోండి. ఈరోజు కుదరదని చెప్పాల్సి వస్తే చెప్పండి. ఏడుపు వస్తే తలుపు పట్టుకుని ఏడవండి. ఆనందుడు ఈ మూడూ చేశాడు, అయినా ధమ్మం మనదాకా తెచ్చాడు.

నమో బుద్ధాయ. జై భీమ్.